ఒకే ల్యాప్‌టాప్‌కు రెండు మూడు బాహ్య గ్రాఫిక్స్ కార్డులు: రెండరింగ్ కోసం అమర్చుకునే విధానం

ఒక్కో ఫ్రేముకు 90 సెకన్లు పట్టే యానిమేషన్‌ను రాత్రి పది గంటలకు రెండరింగ్‌కు (కంప్యూటరు లెక్కగట్టి ఒక్కో చిత్రాన్ని తయారుచేసే పనికి) పెట్టి పడుకుంటే, ఉదయం ఆరింటికి 320 ఫ్రేములు తయారవుతాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది పదమూడు సెకన్ల పైచిలుకు దృశ్యం మాత్రమే. అదే ల్యాప్‌టాప్‌కు, ఇప్పుడున్న కార్డులో సగం వేగం ఉన్న మరో కార్డును జోడించినా ఫ్రేముకు పట్టే సమయం సుమారు 60 సెకన్లకు దిగి, అదే రాత్రికి 480 ఫ్రేములు, అంటే 20 సెకన్ల దృశ్యం చేతికొస్తుంది. ఇంటి దగ్గర ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారు బాహ్య కార్డుల వైపు, అంటే విడి పెట్టెలో బిగించి కేబులుతో ల్యాప్‌టాప్‌కు కలిపే డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుల వైపు, చూసేది ఇందుకే. ఇక్కడ చెప్పబోయేది ప్రధానంగా విండోస్ ల్యాప్‌టాప్, ఎన్విడియా కార్డులు, బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లోని సైకిల్స్ రెండరర్ గురించి. లినక్స్, మ్యాక్‌ల సంగతి అవసరమైన చోట మాత్రమే వస్తుంది.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. బాహ్య కార్డు అనగానే "కేబులు ఇరుకు, కార్డు వేగం సగం వృథా" అనే మాట వినిపిస్తుంది. అది గేములు ఆడేవారి అనుభవం. గేములో ప్రాసెసరు, కార్డు సెకనుకు అరవై సార్లో అంతకు మించో మాట్లాడుకోవాలి. రెండరింగ్‌లో దృశ్యం మొత్తం ఒకసారి కార్డు మెమరీలోకి వెళ్లిపోతుంది, ఆ తరువాత లెక్కలన్నీ కార్డులోనే జరిగి చివరికి పూర్తయిన చిత్రం మాత్రమే వెనక్కి వస్తుంది. ల్యాప్‌టాప్‌నూ పెట్టెనూ కలిపే వేగమైన కేబులు పద్ధతి థండర్‌బోల్ట్ 3 పేరుకు సెకనుకు 40 గిగాబిట్లయినా, కార్డుకు నిజంగా అందేది సుమారు 22 గిగాబిట్లు, అంటే సెకనుకు 2.75 గిగాబైట్లు. 8 గిగాబైట్ల దృశ్యం ఆ దారిన వెళ్లడానికి మూడు సెకన్లు పడుతుంది. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులో 16 లేన్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాటులో (ప్రాసెసరుకూ కార్డుకూ మధ్య దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్, అందులోని వరుసలు లేన్లు) అయితే అర సెకను చాలు. ఫ్రేము నాలుగు నిమిషాలు రెండర్ అయ్యేదైతే ఆ మూడు సెకన్ల నష్టం నూటికి ఒక వంతు పైచిలుకు, లెక్కలోకే రాదు. అదే ఆరు సెకన్లలో అయిపోయే తేలిక ఫ్రేములైతే మాత్రం సగం సమయం దారిలోనే పోతుంది. కాబట్టి ఈ ఏర్పాటు బరువైన ఫ్రేములు చేసేవారికి తగినది. మోషన్ గ్రాఫిక్స్‌లో చిన్న చిన్న ఫ్రేములు వేలకొద్దీ చేసేవారు మరోసారి ఆలోచించుకోవడం మంచిది.

పోర్టులు ఎన్ని అన్నది కాదు, వాటి వెనుక ఏముంది అన్నది

టైప్-సి ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రమూ గ్రాఫిక్స్ కార్డును నడపలేదు. పోర్టు పక్కన మెరుపు గుర్తు ఉంటే అది థండర్‌బోల్ట్. యూఎస్‌బీ4 అని మాత్రమే రాసి ఉంటే, ఆ ప్రమాణంలో పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను మోసుకెళ్లే సౌకర్యం తయారీదారు ఇష్టానికి వదిలేసినది గనుక, ల్యాప్‌టాప్ వివరాల పత్రంలో ఆ సంగతి స్పష్టంగా ఉందో లేదో చూసి తీరాలి. థండర్‌బోల్ట్ 4లో పీసీఐ కోసం 32 గిగాబిట్లు ఇవ్వడం తప్పనిసరి చేశారు. 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5లో అది 64కు పెరిగింది. మినీ పీసీలలో కనిపించే ఆక్యులింక్ పోర్టు కూడా నాలుగు లేన్ల పీసీఐ 4.0ను నేరుగా బయటికి తెస్తుంది గనుక అదీ 64 గిగాబిట్లే, పైగా మధ్యలో అనువాదం చేసే చిప్పు ఉండదు. అయితే దాన్ని యంత్రం నడుస్తుండగా తగిలించడం, పీకడం చేయకూడదు.

రెండు కార్డులకు రెండు పోర్టులు ఉంటే చాలదు. థండర్‌బోల్ట్ 3 కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలా వాటికి రెండు పోర్టులూ ఒకే కంట్రోలరు చిప్పు నుంచి వస్తాయి. ఆ చిప్పు నుంచి ప్రాసెసరుకు ఉన్న నాలుగు లేన్లనే రెండు కార్డులూ పంచుకోవాలి. కొన్ని నమూనాలలో నాలుగుకు బదులు రెండు లేన్లే కలిపి వదిలేశారు. 2016 నుంచి 2019 వరకు వచ్చిన 15 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో ఎడమ వైపు రెండింటికి ఒక కంట్రోలరు, కుడి వైపు రెండింటికి మరొకటి ఉండేవి. అందులో ఒక పెట్టెను ఎడమకు, మరొక దాన్ని కుడికి తగిలించడం సరైన పద్ధతి. కంట్రోలరు ప్రాసెసరు లోపలికే చేరిన తరువాత, అంటే ఇంటెల్ 10వ తరంలోని కొన్ని ల్యాప్‌టాప్‌లతో మొదలై 11వ తరం నుంచి, ఈ ఇరుకు బాగా తగ్గింది. మీ యంత్రంలో ఎలా ఉందో తెలుసుకోవడానికి డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూ నుంచి "డివైసెస్ బై కనెక్షన్" ఎంచుకుని, రెండు పెట్టెలూ చెట్టులో ఒకే కొమ్మ కింద వేలాడుతున్నాయో వేర్వేరు కొమ్మల కింద ఉన్నాయో చూస్తే సరిపోతుంది. ఒక పెట్టె వెనుక నుంచి మరొక పెట్టెకు గొలుసులా కలపడం సాంకేతికంగా సాధ్యమే కానీ, అది చివరి మార్గంగా మాత్రమే ఉండాలి.

ఇంటెల్ మ్యాక్‌ల గురించి ఒక్క మాట. 2018 మార్చిలో వచ్చిన మ్యాక్ఓఎస్ 10.13.4 నుంచి బాహ్య కార్డులకు అధికారిక మద్దతు ఉంది, అదీ ఏఎమ్‌డీ కార్డులకు మాత్రమే. ఎమ్1 మొదలుకొని యాపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లలో, పోర్టుకు మెరుపు గుర్తు ఉన్నా, ఈ పద్ధతిలో కార్డు తగిలించి రెండరింగ్ చేసుకునే సౌకర్యాన్ని యాపిల్ ఇవ్వలేదు.

ఏ కార్డులు కలుస్తాయి

సైకిల్స్‌లో కార్డుతో లెక్కలు చేయించే విధానం ఒకసారికి ఒకటే నడుస్తుంది: ఎన్విడియాకు క్యూడా లేదా ఆప్టిక్స్, ఏఎమ్‌డీకి హెచ్‌ఐపీ, ఇంటెల్‌కు వన్ఏపీఐ. కనుక ఒక పెట్టెలో ఎన్విడియా, మరొక పెట్టెలో ఏఎమ్‌డీ పెట్టి రెండింటితో ఒకే ఫ్రేమును చేయించడం కుదరదు. ఒకే కంపెనీ కార్డులు తీసుకున్నా, వాటన్నిటికీ ఒకే డ్రైవరు సరిపోవాలి. ఉదాహరణకు ఎన్విడియా పాత కెప్లర్ తరం కార్డులకు 470 శ్రేణి డ్రైవర్లతో మద్దతు ఆగిపోయింది. అటకమీది పాత కార్డును కొత్త కార్డు పక్కన కూర్చోబెట్టాలన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువమంది పొరబడేది మెమరీ దగ్గర. 12 గిగాబైట్ల కార్డుకు మరో 8 గిగాబైట్ల కార్డు కలిపితే 20 గిగాబైట్లు కావు. మోడళ్లు, టెక్స్చర్లు అన్నీ ప్రతి కార్డులోనూ విడివిడిగా పూర్తిగా ఉండాలి. దృశ్యం 10 గిగాబైట్లయితే 12 ఉన్న కార్డు హాయిగా పనిచేస్తుంది. 8 ఉన్నది మిగిలిన భాగాన్ని కంప్యూటరు ర్యామ్‌లో పెట్టి, కావలసినప్పుడల్లా ఆ ఇరుకు కేబులు మీదుగా తెచ్చుకోవాలి. కేబులు వెడల్పుతో పనిలేదని ముందు చెప్పిన మాట ఇక్కడ చెల్లదు. బాహ్య కార్డు నిజంగా నత్తనడక నడిచే సందర్భం ఇదే, లేదంటే మెమరీ చాలక రెండరింగే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ లోపలి 6 గిగాబైట్ల కార్డును కూడా జట్టులో చేర్చుకోవాలన్న ఆశ సహజమే కానీ, బరువైన దృశ్యాలకు దాన్ని తీసేసి చూడండి. పని త్వరగా పూర్తి కావడం చాలాసార్లు గమనించవచ్చు. అందుకే కార్డు కొనేటప్పుడు నేను వేగం కన్నా మెమరీకే మొదటి ఓటు వేస్తాను. 170 వాట్లతో నడిచే 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 ఈ పనికి ఇప్పటికీ మంచి కార్డే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మరెక్కడ కొన్నా, వాడిన కార్డయితే డబ్బు చేతులు మారకముందే పది నిమిషాలపాటు నిజమైన రెండరింగ్ చేయించి చూడటం అవసరం. డెస్క్‌టాప్ తెర కనిపించినంత మాత్రాన కార్డు బాగున్నట్లు కాదు.

కరెంటు, ప్లగ్గులు, కేబుళ్లు

పెట్టెలోని ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా భాగం) కార్డుకు సరిపోతుందో లేదో వాట్ల లెక్క చూసుకోవాలి. పీసీఐ స్లాటు నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్నుల తీగ నుంచి 150 వాట్లు అన్నది నియమం. రేజర్ కోర్ ఎక్స్ వంటి 650 వాట్ల పెట్టె 500 వాట్ల వరకు తీసుకునే కార్డును భరిస్తుందని చెబుతారు కనుక 350 వాట్ల ఆర్‌టీఎక్స్ 3090కి చాలు. 400 వాట్ల పాత అకీటియో నోడ్‌లో మాత్రం దాన్ని పెట్టకూడదు. ఒక పెట్టె ల్యాప్‌టాప్‌ను కూడా చార్జ్ చేయగలిగినా, థండర్‌బోల్ట్ 3, 4 పెట్టెలు ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 100 వాట్లే కాబట్టి, 180 వాట్లో 230 వాట్లో కోరే ల్యాప్‌టాప్‌కు దాని సొంత అడాప్టరునే తగిలించి ఉంచాలి.

గోడ దగ్గరి సంగతి అంతకన్నా ముఖ్యం. రెండు పెట్టెలనూ, ల్యాప్‌టాప్‌నూ ఒక చవక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించి, దాన్ని మామూలు లైటు ప్లగ్గుకు పెట్టి రాత్రంతా వదిలేయడం ప్రమాదం. ఫ్రిజ్జుకో గీజరుకో వాడే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు నుంచి, మందపాటి తీగ ఉన్న బోర్డు ద్వారా అన్నిటినీ నడపాలి. అన్నీ ఒకే చోటు నుంచి రావాలనడానికి మరో కారణం కూడా ఉంది: థండర్‌బోల్ట్ కేబులు రెండు పెట్టెల లోహాన్నీ ల్యాప్‌టాప్ లోహాన్నీ కలిపేస్తుంది. ఎర్తింగు సరిగాలేని ఇంట్లో ఆ లోహాన్ని ముట్టుకుంటే జివ్వుమంటుంది. అలా అనిపిస్తే రెండరింగ్ సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇన్వర్టర్ లైను మీద ఈ పెట్టెలను పెట్టవద్దని స్వానుభవంతో చెబుతున్నాను. ఒక రాత్రి కరెంటు పోయిన మరుక్షణం మా ఇన్వర్టర్ ఈ బరువు మోయలేక ఓవర్‌లోడ్ అయి మొత్తం ఆపేసింది. అంతవరకూ తయారైన ఆరు గంటల పనిని నేను నేరుగా వీడియో ఫైలుగా రాయిస్తున్నాను. సగంలో తెగిన ఆ ఫైలు మళ్లీ తెరుచుకోలేదు. అప్పటి నుంచి ప్రతి ఫ్రేమునూ విడి చిత్రంగా, పీఎన్‌జీలోనో ఓపెన్ఈఎక్స్‌ఆర్‌లోనో, రాయించడం నియమంగా పెట్టుకున్నాను. ఎక్కడ ఆగితే అక్కడ నుంచి మొదలుపెట్టవచ్చు. ఖర్చు విషయానికి వస్తే, 170 వాట్ల కార్డులు రెండు, ల్యాప్‌టాప్, ఎస్‌ఎంపీఎస్‌లలో వేడిగా పోయేది అంతా కలిపి 450 వాట్లు అనుకున్నా ఎనిమిది గంటలకు 3.6 యూనిట్లు అవుతుంది. ఆ కరెంటంతా చివరికి గదిలో వేడిగా మారుతుందని మరచిపోకూడదు. మే నెలలో విజయవాడలో తలుపులు మూసిన చిన్న గదిలో ఇది చిన్న హీటరు పెట్టుకున్నట్లే. పెట్టెలను గోడకు ఆనించకుండా, ఒకదాని వేడిగాలి మరొక దాని ముఖాన కొట్టకుండా అమర్చాలి. వేడి పరిమితి దగ్గర పడితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

కేబులు విషయంలో పొడవు చూసి మోసపోకూడదు. లోపల చిప్పు లేని మామూలు థండర్‌బోల్ట్ 3 కేబులు అర మీటరు దాటితే వేగం 20 గిగాబిట్లకు పడిపోవచ్చు. పెట్టెతో వచ్చిన పొట్టి కేబులే వాడండి. దూరం తప్పదంటే 40 గిగాబిట్లు అని రాసి ఉన్న థండర్‌బోల్ట్ 4 కేబులు తీసుకోండి, అది 2 మీటర్ల వరకు ఆ వేగం నిలుపుతుంది.

తగిలించే క్రమం

రెండు పెట్టెలనూ ఒకేసారి తగిలించి, ఏది ఎందుకు పనిచేయలేదో తెలియక తలపట్టుకోవడం కన్నా ఒకదాని తరువాత ఒకటి కలపడం మేలు. మొదట ల్యాప్‌టాప్ బయాస్‌ను (యంత్రం మొదలవగానే విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామును) తయారీదారు తాజా రూపానికి మార్చుకుని, బయాస్‌లో థండర్‌బోల్ట్ భద్రత అనుమతి అడిగే స్థాయిలో ఉందని చూసుకోవాలి. యంత్రం ఆపి, మొదటి పెట్టెలో కార్డు బిగించి, దాని పవర్ తీగలు పూర్తిగా లోపలికి కూర్చున్నాయని చేత్తో నొక్కి చూసి, కేబులు కలిపి విండోస్ తెరవాలి. థండర్‌బోల్ట్ కంట్రోల్ సెంటర్ కొత్త పరికరం వచ్చిందని చెబితే "ఆల్వేస్ కనెక్ట్" అన్న అనుమతి ఇవ్వాలి. ఆ తరువాత ఎన్విడియా స్టూడియో డ్రైవరు వేసి, మళ్లీ ప్రారంభించి, ఒక చిన్న దృశ్యాన్ని ఆ ఒక్క కార్డుతోనే రెండర్ చేసి చూడాలి. అది సవ్యంగా జరిగాకే రెండో పెట్టెకు వెళ్లాలి. లినక్స్‌లో ఈ అనుమతి పని బోల్ట్ అనే సేవ చేస్తుంది. గ్నోమ్ సెట్టింగ్స్‌లో కూడా అది కనిపిస్తుంది. ఈ పెట్టెలకు మానిటరు తగిలించనక్కరలేదు, మానిటరు ఉన్నట్టు నమ్మించే ఉత్తుత్తి ప్లగ్గులూ అక్కరలేదు. తెరను ల్యాప్‌టాప్ ప్రాసెసరులోని గ్రాఫిక్స్‌కే వదిలేస్తే బాహ్య కార్డుల మెమరీ మొత్తం రెండరింగ్‌కే మిగులుతుంది.

రెండో కార్డు తగిలించగానే డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ త్రికోణం, దాని వెనుక "కోడ్ 12" కనిపించడం ఈ మార్గంలో చాలామందికి ఎదురయ్యే అడ్డంకి. కార్డు పాడైపోయిందని కంగారు పడనక్కరలేదు. ప్రతి కార్డూ తన మెమరీని ప్రాసెసరుకు చూపించడానికి కొంత చిరునామా స్థలం అడుగుతుంది. బయాస్ థండర్‌బోల్ట్ కోసం కేటాయించిన స్థలం మొదటి కార్డుతోనే నిండిపోతే రెండో దానికి చోటు మిగలదు. బయాస్‌లో "అబవ్ 4జీ డీకోడింగ్" అనే ఎంపిక ఉంటే దాన్ని ఆన్ చేయడం సరైన పరిష్కారం. డెస్క్‌టాప్ మదర్‌బోర్డులలో అది సాధారణంగా ఉంటుంది కానీ ల్యాప్‌టాప్‌లలో కనిపించడం అరుదు. అది లేకపోతే, ల్యాప్‌టాప్ లోపలి విడి గ్రాఫిక్స్ కార్డునో, వాడని ఇతర పరికరాలనో డివైస్ మేనేజర్‌లో డిసేబుల్ చేసి మళ్లీ ప్రారంభించండి. లేదా రెండో పెట్టెను మరో పోర్టుకు మార్చి చూడండి. లినక్స్‌లో కెర్నల్‌కు "పీసీఐ ఈక్వల్స్ రీఅలాక్" అనే సూచన ఇస్తే స్థలాన్ని తిరిగి పంచే ప్రయత్నం చేస్తుంది. ఇవేవీ ఫలించకపోతే ఆ ల్యాప్‌టాప్ ఒక్క బాహ్య కార్డుకే పరిమితమని అంగీకరించి, రెండో పెట్టెను తిరిగి ఇచ్చేయడం మేలు. అందుకే రెండో పెట్టెను వాపసు తీసుకునే చోటే కొనమని సలహా ఇస్తాను.

బ్లెండర్‌లో

ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ విభాగానికి వెళ్లి, సైకిల్స్ రెండర్ డివైసెస్ కింద ఆప్టిక్స్ ఎంచుకుంటే కార్డులన్నీ పేర్లతో కనిపిస్తాయి. వాడదలచిన వాటికే టిక్కు పెట్టండి. ప్రాసెసరును కూడా చేర్చే అవకాశం ఉంటుంది కానీ, అది కార్డుల కన్నా చాలా నెమ్మది కావడమే కాక, కార్డులకు పని అందించాల్సినదీ అదే కాబట్టి దాన్ని వదిలేయడం మంచిది. తరువాత రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్ దగ్గర జీపీయూ కంప్యూట్ పెట్టాలి. ఈ రెండోది మరచిపోయి, కార్డులు చల్లగా ఉన్నాయేమిటని వెతికేవారు చాలామంది. దృశ్యంలో కదలని వస్తువులు ఎక్కువ ఉంటే "పర్సిస్టెంట్ డేటా" ఆన్ చేయడం బాహ్య కార్డులకు ప్రత్యేకంగా మేలు చేస్తుంది. ఫ్రేము ఫ్రేముకూ అదే సరుకును కేబులు మీద మళ్లీ మోయనక్కరలేకుండా అది కార్డులోనే ఉంచుతుంది. బదులుగా మెమరీ కాస్త ఎక్కువ తీసుకుంటుంది.

కార్డులన్నీ నిజంగా పనిచేస్తున్నాయో తెలుసుకోవడానికి టాస్క్ మేనేజర్‌లోని 3డీ గ్రాఫును నమ్మకండి. లెక్కల పని ఆ గ్రాఫులో దాదాపు సున్నాగా కనిపిస్తుంది. డ్రైవరుతోపాటు వచ్చే ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ అనే కమాండు ప్రతి కార్డు వాడకాన్నీ, మెమరీనీ, వేడినీ, వాట్లనూ వరుసగా చూపిస్తుంది.

ఒకే ఫ్రేమును కార్డుల మధ్య పంచే ఈ పద్ధతి నిశ్చల చిత్రానికి బాగుంటుంది. యానిమేషన్‌కు మాత్రం నేను ఇంకో దారి పడతాను: కార్డుకు ఒక బ్లెండర్ చొప్పున విడివిడిగా తెరిచి, ఒక్కో కార్డుకు ఒక్కో ఫ్రేము ఇవ్వడం. ఔట్‌పుట్ ప్రాపర్టీస్‌లో "ఓవర్‌రైట్" తీసేసి "ప్లేస్‌హోల్డర్స్" పెడితే, ఒక బ్లెండర్ మొదలుపెట్టిన ఫ్రేము స్థానంలో ఖాళీ ఫైలు ఏర్పడుతుంది. రెండో బ్లెండర్ దాన్ని చూసి తరువాతి ఫ్రేముకు వెళ్తుంది. ఇలా చేస్తే ఒక కార్డు దృశ్యాన్ని లోపలికి తెచ్చుకుంటున్న సమయంలో మరొకటి ఖాళీగా కూర్చోదు, వేగంలో తేడా ఉన్న కార్డులు ఒకదాని కోసం మరొకటి ఆగవు. ఏ బ్లెండర్‌కు ఏ కార్డు అన్నది "క్యూడా విజిబుల్ డివైసెస్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రాము తెరుచుకునేటప్పుడు చదివే సెట్టింగుకు) 0, 1 వంటి సంఖ్యలు ఇచ్చి నిర్ణయించాలి. ఆంగ్లంలో అన్నీ పెద్దక్షరాలు, పదాల మధ్య అండర్‌స్కోర్ ఉండాలి. క్యూడా మామూలుగా వేగమైన కార్డుకు 0 ఇస్తుంది, ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ మాత్రం కార్డులు తగిలించిన పీసీఐ దారి (బస్) వరుసలో లెక్కిస్తుంది. రెండూ కలవాలంటే "క్యూడా డివైస్ ఆర్డర్" వేరియబుల్‌కు "పీసీఐ బస్ ఐడీ" విలువ ఇవ్వాలి. కంప్యూటరు ర్యామ్ మాత్రం రెండు బ్లెండర్లకూ సరిపడా ఉండాలి. 16 గిగాబైట్లతో బరువైన దృశ్యాలకు ఈ పద్ధతి కష్టం.

రాత్రికి వదిలేసే ముందు కొన్ని చిన్న పనులు మిగులుతాయి. కార్డు రెండు సెకన్లపాటు జవాబివ్వకపోతే డ్రైవరు నిలిచిపోయిందని విండోస్ భావించి దాన్ని తిరిగి ప్రారంభిస్తుంది, దానితో రెండరింగ్ పోతుంది. రిజిస్ట్రీలో గ్రాఫిక్స్ డ్రైవర్స్ కింద "టీడీఆర్ డిలే" విలువను 60కి పెంచితే ఈ తొందరపాటు తగ్గుతుంది. పవర్ ఆప్షన్లలో నిద్రావస్థను ఆపి, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింక్ స్టేట్ పొదుపును ఆఫ్ చేసి, మూత మూసినా ఏమీ చేయవద్దని చెప్పాలి. విండోస్ అప్‌డేట్‌ను వారంపాటు వాయిదా వేయండి. పని నడుస్తుండగా కేబులు కదిలితే కార్డు మాయమై యంత్రమే నిలిచిపోవచ్చు కనుక, పిల్లలూ పిల్లులూ తిరిగే ఇంట్లో కేబులును బల్లకు టేపుతో అంటించడం సిగ్గుపడాల్సిన పనేమీ కాదు.

పొద్దున్న పెట్టెలు తీయాల్సి వస్తే ముందు బ్లెండర్లు మూసి, టాస్క్‌బార్‌లోని సేఫ్‌లీ రిమూవ్ ద్వారా ఒక్కో కార్డునూ విడిపించాలి, లేదా ల్యాప్‌టాప్‌నే పూర్తిగా ఆపాలి. ఆ తరువాతే కేబులు తీయండి, చివర్లో పెట్టె స్విచ్చి ఆపండి. ఆపైన ఫ్రేముల ఫోల్డరును ఫైలు సైజు ప్రకారం వరుసలో పెట్టి చూడండి: సున్నా బైట్లతో మిగిలినవి మధ్యలో ఆగిపోయిన ఫ్రేముల ప్లేస్‌హోల్డర్లు. వాటిని తొలగించి మళ్లీ రెండర్ నొక్కితే ఆ ఖాళీలు మాత్రమే నిండుతాయి.